మైకులో ఎవరూ నిజం చెప్పరు

“సత్తిబాబు ఏమన్నాడో అది చెప్పండి కొండలరావుగారూ. మీరేమనుకున్నారో తరవాత అడుగుతాను,” అంది చిట్టెమ్మ, చేగోడీల పొట్లం విప్పుతూ.

కొండలరావు గొంతు సవరించుకున్నాడు. సూరప్పపాలెం రేవులో మూడు బోట్లకు యజమాని, ఈ ఐసు షెడ్డుకు యజమాని, తన నోటికి మాత్రం ఏనాడూ యజమాని కాడు. ఒక మాట అడిగితే పది చెప్పే రకమని రేవంతా అంటారు. అలాంటి మనిషి ఇవాళ ఆచితూచి మాట్లాడుతున్నాడు. చిట్టెమ్మ ఆ సంగతి గమనించి చేగోడీ కొరికింది.

“మొన్న పొద్దుగూకే వేళ మైకులో పలికేడండి. ‘కొండలరావుగారూ, ఇంజను చెడింది, పోటుకి కొట్టుకొచ్చి వైనతేయ మొగలో మడచెట్లలో పడ్డాం, ఎవరన్నా రండి’ అన్నాడండి. అంతేనండి. మళ్ళీ పలకలేదు.”

“ఎలా వినబడింది? గరగరలాడిందా?”

“లేదండి. పక్కన కూచుని మాటాడినట్టు వినబడింది. షెడ్డులో ఉన్న నలుగురం విన్నాం.”

“వైనతేయ సముద్రంలో కలిసే మొగ ఇక్కడికి తూర్పున దగ్గరే కదండీ. అక్కడున్నాను రండి మొర్రో అని మనిషి మొత్తుకుంటే, ఇవాళ పొద్దున్నే బోట్లన్నిటినీ దానికి ఎదురు దిక్కున బందరు వైపు పంపేరేమండి?”

షెడ్డులో ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. మూల పీట మీద కూర్చున్న నాగదుర్గ కూడా నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఆమె సత్తిబాబు భార్య. నిన్న బస్సెక్కి అమలాపురం వచ్చి, “మా ఆయన్ని దొంగంటున్నారండి, దొంగైనా పరవాలేదు, బతికుంటే చాలండి” అని చిట్టెమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. సత్తిబాబు, అతని మేనమామ ఎర్రయ్య, ఇద్దరూ కొండలరావు బోటు వేసుకుని వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఇద్దరికీ తాగడానికి ఒక్క రోజు నీళ్ళే ఉన్నాయని కూడా ఆమే చెప్పింది.

“నవ్వేరెందుకు?” అని అడిగింది చిట్టెమ్మ.

“ఆయ్, మీరు అమలాపురం మనుషులండి, మీకు తెలీదు. మైకులో ఎవడూ నిజం చెప్పడండి,” అన్నాడు కొండలరావు.

సంగతేమిటంటే, కొండలరావు బావమరిది మస్కట్ నుంచి వస్తూ వస్తూ డజను సీబీ రేడియోలు తెచ్చాడు. పాలెంలో వాటిని మైకు సెట్లంటారు. సముద్రం మీద సెల్‌ఫోను అందదు కాబట్టి ప్రతి బోటులోనూ ఒకటి పెట్టుకున్నారు, రేవులో బోటు కట్టేస్తే అది ఆపేస్తారు; షెడ్డులో ఒకటి పెట్టారు. అందరికీ ఒకటే నెంబరు. ఒకడు మాట్లాడితే అందరూ వింటారు. ఫలానా చోట చేపలు పడుతున్నాయని ఎవడైనా నోరు జారితే అరగంటలో రేవు రేవంతా వచ్చి వాడి వల పక్కనే వల వేస్తుంది. అందుకని తూర్పున ఉన్నవాడు పడమర అంటాడు. పడమర ఉన్నవాడు తూర్పు అంటాడు. అదేమీ మోసం కాదు, పెద్దలు నేర్పిన పద్ధతి. మొగుడు అంతర్వేది అంటే పెళ్ళాం తూర్పుకు తిరిగి దండం పెట్టుకుంటుంది.

“ఇంజను చెడింది అంటే?” అంది చిట్టెమ్మ.

“చేపలు ఇరగబడి పడతన్నాయన్న మాటండి.”

“ఎవరన్నా రండి అంటే?”

“ఎవరూ రావద్దనండి.”

చిట్టెమ్మకు నవ్వాగలేదు. పదేళ్ళుగా పెళ్ళిసంబంధాల ఆరాలతో బతుకుతున్న డిటెక్టివ్ ఏజెన్సీ ఆమెది. పెళ్ళికొడుకుల జీతాలూ అలవాట్లూ కూపీ లాగి లాగి, అబద్ధం ఏ గొంతులోంచి ఎలా వస్తుందో చెవితోనే పసిగట్టేది. కానీ ఊరు ఊరంతా ఒప్పందం మీద అబద్ధాలాడుకోవడం ఆమె ఇదివరకు చూడలేదు.

“నేనూ నవ్వేనండి,” అంది నాగదుర్గ. “షెడ్డులోనే ఉన్నాను. ‘ఇయ్యాళ మా ఆయన పంట పండింది’ అని పక్కావిడతో అన్నాను. ఆయన రండి రండి అంటంటే నేను నవ్వేనండి.”

చిట్టెమ్మ కొరకబోయిన చేగోడీని తిరిగి పొట్లంలో పెట్టేసింది.

“ఇందులో ఏడవడానికి ఏముంది?” అన్నాడు సాయిదుర్గాప్రసాద్. రాజమండ్రి నుంచి కొండలరావు పిలిపించిన డిటెక్టివ్. టై కట్టుకున్నాడు, ఒళ్ళో కంప్యూటరు పెట్టుకున్నాడు, ఎండలో నల్లకారు పెట్టుకున్నాడు. కొత్తపేట పెళ్ళికొడుకు కేసులో చిట్టెమ్మ చేతిలో ఒకసారి ఓడిపోయాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు. “వైనతేయ అన్నాడు కాబట్టి పడమర ఉన్నాడు. బోటును బందరులో అమ్మేసే ఉద్దేశం. సాంకేతికంగా కూడా సరిపోయింది మేడమ్.”

“ఆ సాంకేతికమేదో మాకూ వడ్డించండి ప్రసాదుబాబూ.”

“సిటిజన్స్ బ్యాండ్. ఇరవై ఏడు మెగాహెర్ట్జ్, నాలుగు వాట్లు. ఊళ్ళో కారులోంచి కారుకు ఐదారు కిలోమీటర్లు పోతే గొప్ప. అదే సముద్రం మీద చెట్టూ గోడా అడ్డుండవు. పైగా కొండలరావుగారి షెడ్డు ఏరియల్ నలభై అడుగుల గడ మీద ఉందట. ముప్ఫై కిలోమీటర్లు తేలిగ్గా అందుకుంటుంది. కొన్ని రోజుల్లో మాట ఆకాశానికి తగిలి వందల కిలోమీటర్ల అవతల కూడా దిగుతుంది.”

“ఆకాశానికి తగిలి దిగిన మాట పక్కన కూర్చుని మాట్లాడినట్టు ఉంటుందా?”

ప్రసాద్ టై సర్దుకున్నాడు. అబద్ధం చెప్పే మనిషి మాత్రం కాదు. “ఉండదు. ఊగుతూ, తేలుతూ, పోతూ వస్తూ ఉంటుంది.”

“అంత దూరం నించి రాలేదన్న మాట. సరే, ఒకటి తీసేసేం.”

కొండలరావు చటుక్కున లేచాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకుండానే, “నాకు బోటు పోయిందండి, మీకు నవ్వులాటగా ఉంది. రాజోలు వెళ్ళి దొంగతనం కేసు పెట్టేసి వస్తాను. ప్రసాదుగారూ, కొబ్బరిబోండాలు కొట్టించుకు తాగండి,” అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

చిట్టెమ్మ అతని వెనకే గుమ్మం దాకా వెళ్ళి, అక్కణ్ణించి షెడ్డు వెనక్కు తిరిగింది. ప్రసాద్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వెంట వచ్చాడు. నిన్నటి నుంచీ ఆ ఊళ్ళోనే ఉన్నాడు గానీ ఎండుచేపల వాసనకు జడిసి షెడ్డు వెనక్కు అడుగు పెట్టలేదు.

అక్కడ వంటసాల. వీరాయమ్మ పొయ్యి ముందు కూర్చుని రొయ్యలు వలుస్తోంది. ఆమె భర్త సింహాద్రి కొండలరావు దగ్గర బోటు నడిపే సరంగు. నిరుడు వానల్లో నరసాపురం నుంచి బోటును ఒక్కడే తెస్తూంటే గాలికి మునిగిపోయాడు. శవం కూడా దొరకలేదు. పోనీ పాపమని కొండలరావు ఆమెకు ఇక్కడ వంట పని ఇప్పించాడు. వంటసాల గోడకు ఆనించి నేల మీద పొడవాటి సరుగుడు గడ ఒకటి పడుకుని ఉంది. దాని నిండా వరసగా కట్టుపరిగెలు ఎండుతున్నాయి.

“ఈ గడేమిటి వీరాయమ్మా?”

“ఏరియలు గడండి. చవితి గాలికి పడిపోయింది. ఎత్తి కట్టమంటే మగోళ్ళకి తీరిక లేదండి. ఊరికే పడుందని నేను చేపలు ఆరేసుకుంటన్నాను.”

ప్రసాద్ రుమాలు కిందికి జారింది. “చవితి గాలికా? చవితి వెళ్ళి వారం దాటింది. అంటే మొన్న సత్తిబాబు పలికేటప్పటికి…”

“నలభై అడుగుల ఎత్తు ఏరియల్ కాదు, నేల మీది చేపల దండెం,” అంది చిట్టెమ్మ. “ఎద్దు ఈనిందంటే గాట కట్టేయమన్నట్టు, ఆయన నలభై అడుగులంటే మీరు ముప్ఫై కిలోమీటర్లని లెక్క కట్టేశారు. ఇప్పుడు కట్టండి, మళ్ళీ కట్టండి.”

“నేల మీద పడుంటే…” ప్రసాద్ పెదాలు కదిపాడు. “ఏరియల్ ఎత్తును బట్టే దూరం మేడమ్. ఎత్తు పోతే అంతా పోతుంది. రెండు మూడు కిలోమీటర్లు. అంతకు మించి రాదు.”

“కాగితం మీద లెక్క కాదు. చూద్దాం పదండి.”

ఇద్దరూ షెడ్డులోకి వచ్చి సెట్టు స్విచ్ వేశారు. దీపం వెలిగింది గానీ కిక్కురుమనలేదు. చిట్టెమ్మ సెట్టును వెనక్కు తిప్పింది. ఆ షెడ్డులో ఇనుమన్నదల్లా ఉప్పుగాలికి తుప్పుపట్టి పొంగిపోయి ఉంది. సెట్టు వెనక ఏరియల్ తీగను బిగించే ఇత్తడి మరకు కూడా పైన ఉప్పు పేరుకుంది. కానీ ఆ మర ఊడి వదులుగా వేలాడుతోంది. లోపలి చుట్లు మాత్రం కొత్త ఉంగరంలా మెరుస్తున్నాయి.

“దీన్ని ఎవరో ఇప్పేరు. ఇప్పి ఎన్నాళ్ళో కాలేదు. కాస్త పాతదైతే ఈ మెరుపు ఉండదు.”

“దానంతట అదే వదులైందేమో,” అన్నాడు ప్రసాద్. అన్నాడే గానీ ఆ మాట అతనికే నచ్చినట్టు లేదు.

“ఉప్పుకి బిగుసుకున్న మర దానంతట అది వదలదు ప్రసాదుబాబూ. పట్టకారు పెట్టిన గాటు చూడండి.”

నాగదుర్గకు ముందు అర్థమైంది. “అయితే ఆయన మళ్ళీ పలకలేదని కాదండి, మనకే వినబడలేదా?”

చిట్టెమ్మ మర బిగించింది. బాగుచేయించి తెచ్చిన సెట్టు ఒకటి బల్ల కింద ఉంటే, దాన్ని ప్రసాద్ కారు బ్యాటరీకి తగిలించారు. ఏరియల్ గడ నేల మీదే ఉంచారు, మొన్నెలా ఉందో అలాగే. కారు అంతర్వేది దారిన మాట్లాడుతూ పోవాలి, షెడ్డులో వినాలి. ప్రసాద్ సరదా పడ్డాడు. ఎంతైనా కుర్రతనం.

“హలో, హలో. పాలెం దాటుతున్నాను. వినబడుతోందా?” పక్కన కూర్చుని మాట్లాడినట్టే వినబడింది.

“గుడిసెలు అయిపోయాయి. రొయ్యల చెరువులు వచ్చాయి.” గొంతులో ఇసక పోసినట్టు ఉంది.

“సరుగుడు తోట మొదలైంది. మేడమ్, ఒక మాట చెప్పాలి. కొత్తపేట కేసులో…” గర్రుమంది. ఆపైన ఏమీ లేదు.

కారు తిరిగి వచ్చేసరికి ప్రసాద్ నుదురు చెమటతో తడిసింది. “తోట అవతలి దాకా మాట్లాడుతూనే ఉన్నాను మేడమ్. అంతా విన్నారా?”

“సరుగుడు తోటతో సరి. కొత్తపేట కేసులో ఏమిటది?”

“ఏం లేదు,” అన్నాడు ప్రసాద్ గబగబా, ఇసక దులుపుకుంటూ. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

చిట్టెమ్మ అతన్ని అక్కడితో వదిలేసింది. “చూశారుగా. గడ కిందుంటే మాట ఆ తోట దాకా కూడా సరిగ్గా రాదు. మొన్న సత్తిబాబు మాట గరగర లేకుండా వచ్చింది. అంటే అంతకంటే దగ్గర నించి పలికేడు. బందరు నించి కాదు, అంతర్వేది నించి కూడా కాదు. ఈ చుట్టుపక్కల బోటు కొట్టుకుపోయి ఇరుక్కోడానికి మడచెట్లున్న మొగ ఎన్ని ఉన్నాయి నాగదుర్గా?”

“ఒకటేనండి.” నాగదుర్గ తూర్పుకు తిరిగింది. “వైనతేయ మొగేనండి. ఆయన నిజమే చెప్పేడండి! ఇన్నాళ్ళలో ఒక్కసారి మైకులో నిజం చెబితే ఒక్కళ్ళం నమ్మలేదండి.”

“ఒక్కడు నమ్మేడు,” అంది చిట్టెమ్మ. “నమ్మేడు కాబట్టే మర ఇప్పేడు, బోట్లని దూరంగా తోలేడు, ఊళ్ళో డప్పు కొట్టడానికి రాజమండ్రి నించి మనిషిని కూడా తెప్పించేడు.”

“నేను డప్పునా?” అన్నాడు ప్రసాద్.

“డప్పుది తప్పేముంది బాబూ, కొట్టినవాడిది గానీ. రాజోలు ఫోను చేసి మీ యజమాని వచ్చేడో లేదో కనుక్కోండి.”

ఫోను అక్కర్లేకపోయింది. కొండలరావు మోటారుసైకిలు పాక కింద ఉన్నచోటే ఉంది. వీరాయమ్మ గుమ్మంలోంచి, “ఆయన రాజోలు ఎక్కడెళ్ళేరండి? చిన్న నావ ఎక్కేరు. కిరసనాయిలు డబ్బాలు నాలుగు నాచేతే మోయించేరు,” అంది, చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

ఒక్కసారిగా అందరూ లేచారు. మగవాళ్ళంతా బోట్లలో బందరు దారిలో ఉన్నారు. పాలెంలో మిగిలింది ఆడవాళ్ళు, ఒక డిటెక్టివు, టై కట్టుకున్న ఇంకో డిటెక్టివు. కట్టుపరిగెలు గంపలోకి ఊడ్చి, పదిమంది ఆడవాళ్ళు వలలాగే పాట అందుకుని, “ఓలెస్సా” అంటూ గడను నిలబెట్టారు. ప్రసాద్ టై విప్పి గడ మొదలును కొబ్బరిచెట్టుకు కట్టాడు. పట్టు టై, బాగానే ఆగింది. ఆ కాసేపూ అతన్ని చూసి చిట్టెమ్మకు ముచ్చటేసింది.

నాగదుర్గ మైకు పట్టుకుంది. “ఏమయ్యా! ఏమయ్యోయ్! నేనయ్యా, నాగదుర్గని!”

గరగర. మళ్ళీ గరగర. ఆ తరవాత నీరసంగా, బ్యాటరీ అడుగంటిన గొంతు.

“నాగదుర్గా! ఓలమ్మో, రెండు రోజులనించి పిలుస్తన్నానే! ఉన్నారా పోయేరా మీరంతా?”

“ముందు నువ్వున్నావో లేదో చెప్పు!” అంది నాగదుర్గ. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది.

“ఉన్నాను. మామయ్య కాలు విరిగింది. బోటు మడల్లో ఇరుక్కుంది. దిగితే నడుందాకా బురద. నీళ్ళు మొన్న రాత్రే అయిపోయేయి గానీ, తెల్లారేసరికి బోటు పక్కన మంచినీళ్ళ బిందె పెట్టి ఉంటంది. ఎవరు పెడతన్నారో కనబడరు. మడల్లో దెయ్యమైనా మంచి దెయ్యమేనే.”

చిట్టెమ్మ మైకు అందుకుంది. “సత్తిబాబూ, నేను మీ ఆవిడ తరఫు మనిషిని. నీ చుట్టుపక్కల ఇంకేమున్నాయి?”

“ఇంకో బోటు ఉందండి. బాగా లోపల, కొమ్మలు కప్పేసి. పాతది. పేరు గీకేసేరు. అదుగో, కొండలరావుగారు కూడా వత్తన్నారండి! నావలో ఒక్కరే. బాబుగారూ, ఇటండి, ఇటు! అదేంటి, మా దగ్గరికి రాకుండా ఆ పాత బోటు వైపు పోతన్నారు? డబ్బాలు దింపుతన్నారు.”

చిట్టెమ్మ అన్నీ ఒక్కసారి లెక్కేసుకుంది. కొమ్మలు కప్పిన పాత బోటు, నాలుగు డబ్బాల కిరసనాయిలు, పక్కనే బురదలో కదల్లేని బోటు, అందులో కాలు విరిగిన ముసలివాడు. నిప్పు అంటుకుంటే ఏ బోటుకూ తేడా చూడదు. సత్తిబాబు బతికి ఒడ్డెక్కితే ఆ రెండో బోటు సంగతి ఊరికి చెబుతాడు. అది కొండలరావుకు పనికిరాదు.

“బోట్లని వెనక్కి పిలవాలి,” అంది. “ప్రసాదుబాబూ, ఈ ఎత్తుకి అందుతాయా?”

“పొద్దున నీళ్ళు తీసే పాటుకి బయల్దేరారు… అంచున ఉంటారు. ఇప్పుడే చెప్పాలి, ఇంకాస్త పోతే మాట అందదు.” ప్రసాద్ మైకు లాక్కుని, రైల్వే స్టేషనులో చెప్పినట్టు చెప్పాడు: “అన్ని బోట్లకూ విజ్ఞప్తి. సత్తిబాబు వైనతేయ మొగలో ప్రమాదంలో ఉన్నాడు. వెంటనే అక్కడికి చేరుకోండి. ఇది నిజం.”

దూరం నుంచి సన్నగా ఒక నవ్వు వినబడింది. తరవాత ఒక బోటు సరంగు బంగారయ్య గొంతు: “ఆయ్, అలాగేనండి. నిజమటరా, ఒరే, విన్నారా? బందరు కాడ చేపలు దిగేయన్నమాట. ఇంకా లాగించండ్రా పడమరకి!” వాడి వెనక ఇంకా నలుగురు నవ్వారు.

ప్రసాద్ మైకు వంక, చిట్టెమ్మ వంక చూశాడు. పాపం, ఉన్న నిజమంతా చెప్పాడు. అదే అతని తప్పు.

“నేనేడిస్తే వత్తారండి,” అంది నాగదుర్గ, “గానీ ఏమైందీ ఎలాగైందీ అని అడిగి అడిగి అప్పుడొత్తారు. ఇలాగివ్వండి.”

కళ్ళు తుడుచుకుంది. గొంతు సవరించుకుంది. ఇరుగమ్మతో చెరువు గట్టున కూర్చుని చాడీలు చెప్పేటప్పటి గొంతు తెచ్చుకుంది.

“ఏమయ్యా, నీకే చెబుతున్నాను, గట్టిగా అనకు. వైనతేయ మొగలో ఏమీ లేదన్నావు కదా? ఒక్క పండుగొప్ప కూడా లేదన్నావు కదా? ఆ లేనిదాన్ని వలలో పట్టలేక చస్తున్నానంటావేంటి? సరే సరే, ఎవరికీ చెప్పనులే. అటు ఎవరూ రారులే.”

మైకు నోరు మూసుకుంది. సముద్రం మీద ఉన్న బోట్లన్నీ ఒక్కసారిగా ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది. నాగదుర్గ ముందరి బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

అప్పుడు బంగారయ్య అన్నాడు, ఆవులిస్తున్నట్టుగా: “నాకు కడుపులో బాగోలేదురా. అంతర్వేది వైపెళ్ళి పడుకుంటాను.”

“నాకూ డీజిలు తక్కువైంది. నరసాపురం పోతాను,” అన్నాడు ఇంకొకడు.

“నేనసలు ఇక్కడే ఉంటాను. ఎక్కడికీ కదల్ను,” అన్నాడు మూడోవాడు. ఆ మాట చెబుతుండగానే వాడి ఇంజను గేరు మారి రంకె వేసింది.

షెడ్డులో ఆడవాళ్ళు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. నాగదుర్గ నవ్వలేదు, చిట్టెమ్మ భుజం మీద తల ఆనించింది. ఒకడి మాట కంటే ఒకడి మాట దగ్గరగా, గట్టిగా వినబడుతోంది. మాటలన్నీ పడమరకే పోతున్నాయి గానీ గొంతులన్నీ తూర్పుకే వస్తున్నాయి. బోట్లన్నీ తిరిగిపోయాయని ప్రసాద్‌కు కూడా అర్థమైంది.

“సత్తిబాబూ,” అని పిలిచింది చిట్టెమ్మ. “నీ దగ్గరికి జనం వస్తున్నారు. కొండలరావు ఏం చేస్తున్నాడు?”

“ఆయిలు పోత్తన్నారండి, ఆ బోటు మీద. అయ్యబాబోయ్, బురదలోంచి దోనె తోసుకుంటా ఎవరో వత్తన్నారండి! మా బోటెక్కుతన్నాడు. నువ్వా! నువ్వు… నువ్వు…” సత్తిబాబు మాట అక్కడ ఆగిపోయింది.

మైకు చేతులు మారిన చప్పుడు. ఎవరో రొప్పుతున్నారు. కొత్త గొంతు ఒకటి వచ్చింది, బొంగురుగా, చాలాకాలం ఎవరితోనూ మాట్లాడని గొంతు.

“వీరాయీ… షెడ్డులో ఉన్నావా? నేనే, సింహాద్రిని. తప్పైపోయిందే. బోటు మునిగినట్టు చెబితే బీమా వత్తాది, ఒక్క ఏడాది ఒరిస్సాలో దాక్కో అన్నాడు. మొన్న తిరిగొచ్చి నా వాటా అడిగితే మడల్లో ఉండమన్నాడు. ఇప్పుడు నా బోటు తగలెట్టేత్తన్నాడే.”

అందరూ గుమ్మం వైపు తిరిగారు. వీరాయమ్మ రొయ్యల గిన్నె నేల మీద పెట్టింది. తొందరపడకుండా వచ్చి, చిట్టెమ్మ చేతిలోంచి మైకు తీసుకుని, ఎక్కడ నొక్కాలో అడిగి నొక్కింది.

“పోయిన నెల నీ సంవత్సరీకం పెట్టేను,” అంది. “ఆ కొండలరావు ఇచ్చిన బియ్యంతోనే పెట్టేను. ముద్ద గోడ మీద పెడితే పొద్దుగూకేదాకా ఒక్క కాకి ముట్టలేదు. నీకింకా నా మీద కోపం తీరలేదని వారం రోజులు అన్నం మానేసి ఏడిచేను. ఇప్పుడు తెలిసింది కాకి ఎందుకు ముట్టలేదో. విను సింహాద్రీ. పక్కనున్న కాలు విరిగినాయన్ని నీ దోనెలోకి ఎక్కించు. వాడి జోలికెళ్ళకు, అగ్గిపుల్ల జోలికెళ్ళకు. నేనొచ్చేదాకా అలాగే బతికుండు. ఆ తరవాత సంగతి నేను చూసుకుంటాను.”

జవాబు కోసం అందరూ చెవులు రిక్కించారు. గరగర వచ్చింది, ఒకటి రెండు మాటల ముక్కలు వచ్చాయి, తరవాత సెట్టు మూగబోయింది.

“మేడమ్,” అన్నాడు ప్రసాద్. గుమ్మంలో నిలబడి తూర్పుకు చెయ్యి చాపాడు.

మడ అడవి మీద నల్లటి పొగ లేస్తోంది. బోట్లు ఇంకా కనుచూపు మేరలో లేవు. చిట్టెమ్మ వెనక్కి తిరిగి చూసేసరికి, వీరాయమ్మ చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి రేవులోకి దిగిపోయి, ఉన్న ఒక్క దోనె తాడు విప్పుతోంది.